పాత వేట రైఫిలా, కొత్తదా: తిరిగి అమ్మితే చేతికి ఎంతొస్తుంది?

కిందటి దసరా రోజుల్లో మా తమ్ముడి స్నేహితుడు ఫోన్ చేశాడు. డాలస్ పక్కనే ఉంటాడు, కొత్తగా గ్రీన్ కార్డు వచ్చింది. "అన్నా, నవంబర్‌లో జింకల సీజన్ మొదలవుతోంది. షాపులో ఒక పాత వించెస్టర్ ఉంది, 1,300 డాలర్లు చెప్తున్నాడు. దాని పక్కనే కొత్త రైఫిల్ 500కే వస్తోంది. రెండేళ్ళ తర్వాత వేట నచ్చక అమ్మేద్దామనుకుంటే దేనికి డబ్బులు ఎక్కువ తిరిగొస్తాయి?" అని అడిగాడు. పాతదానికి విలువ ఎక్కువని అతనికి ఎవరో చెప్పారట.

ఆ మాట సగం నిజం. మిగతా సగం తెలియక నేను ఒకసారి నాలుగు వందల డాలర్లు పోగొట్టుకున్నాను. అతనికి ఫోన్‌లో చెప్పిందంతా కాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం వచ్చాక వేట అనేది సరదాగా చేసే పని కాదు. కాబట్టి ఇది అమెరికాలో ఉంటూ, లైసెన్సు తీసుకుని వేటకు వెళ్ళే మన వాళ్ళ కోసం.

## ధర కంటే ముందు వీసా

హెచ్‌-1బి, ఎఫ్‌-1 లాంటి నాన్ ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర పెట్టుకోవడం కూడా ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. మినహాయింపులు కొన్ని ఉన్నాయి. వాటిలో మనకు పనికొచ్చేది, అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన వేట లైసెన్సు చెల్లుబాటులో ఉండటం. టెక్సస్‌లో చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు. 2019 నుంచి ఈ రాష్ట్రంలో ప్రైవేటు భూమిలో, యజమాని అనుమతితో అడవి పందులను కొట్టడానికి వేట లైసెన్సు అక్కర్లేదు. "లైసెన్సే అక్కర్లేదు కదా" అని వీసా మీద ఉన్న కుర్రాడు స్నేహితుడి రైఫిల్ పట్టుకుంటే, రాష్ట్రం ఏమీ అనకపోయినా ఫెడరల్ చట్టం ఊరుకోదు. గ్రీన్ కార్డు దాకా తెచ్చుకున్న కష్టం అక్కడ పోగొట్టుకోవద్దు. ఏమాత్రం అనుమానం ఉన్నా ముందు ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడగండి, ఆ తర్వాతే షాపు మెట్లెక్కండి.

## రీసేల్ ధరను నిలబెట్టేవి

నేను చూసినంతలో కొనేవాడు ఐదు సంగతులు చూస్తాడు.

అన్నిటికంటే పెద్దది, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉండటం. ఎవరో మంచి ఉద్దేశంతోనే చెక్కకు కొత్త పాలిష్ వేసి ఉంటారు, లోహానికి మళ్ళీ బ్లూయింగ్ (తుప్పు పట్టకుండా వేసే నల్లటి పూత) చేయించి ఉంటారు, భుజానికి దెబ్బ తగలకుండా రబ్బరు ప్యాడ్ బిగించి ఉంటారు. కంటికి అది కొత్తదానిలా మెరుస్తుంది, సేకరించేవాడికి మాత్రం పనికిరాదు. నిజాయితీగా వాడి అరిగిన రైఫిల్‌కు, మెరుగులు దిద్దిన రైఫిల్‌కన్నా ఎక్కువ ధర పలకడం ఈ వ్యాపారంలో రోజూ చూసేదే.

రెండోది బ్యారెల్ లోపలి స్థితి. మూడోది తూటా రకం: .30-06, .270, .308 తూటాలు చిన్న ఊళ్ళో కూడా దొరుకుతాయి. .300 సావేజ్, .35 రెమింగ్టన్ లాంటివి సీజన్‌లో వెతుక్కోవాలి. వేటగాడికి అది తలనొప్పి. సేకరించేవాడి లెక్క వేరు. ప్రీ-64 మోడల్ 70 (అంటే 1964కు ముందు తయారైన వించెస్టర్, దాని సంగతి కింద చెప్తాను) అదే .300 సావేజ్‌లో కనిపిస్తే, చాలా తక్కువ తయారైంది కాబట్టి మామూలు .30-06 కంటే ఎక్కువే పెడతాడు. నాలుగోది, అదే రైఫిల్ ఇవాళ కొత్తగా దొరుకుతోందా లేదా అన్నది. ఐదోది మీరు అమ్మే దారి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, డబ్బు ఎక్కువగా పోయేది మాత్రం ఇక్కడే.

## కాగితం మీద లెక్క

మా తమ్ముడి స్నేహితుడి రెండు రైఫిళ్ళనే తీసుకుందాం. డాలస్‌లో సేల్స్ ట్యాక్స్ 8.25 శాతం.

కొత్తది 500 అయితే ట్యాక్స్‌తో 541. రెండేళ్ళు వాడి షాపులో కన్‌సైన్‌మెంట్‌కు పెడితే, అంటే అమ్ముడయ్యాక షాపువాడు తన కమిషన్ పట్టుకుని మిగతాది మనకిచ్చే పద్ధతిలో, 350కి పోయిందనుకుందాం. 15 శాతం కమిషన్ పోగా చేతికి 297. నష్టం సుమారు 244.

పాతది 1,300 అయితే ట్యాక్స్‌తో 1,407. రెండేళ్ళ తర్వాత అదే 1,300కి పోయిందనుకుందాం, ఒక్క డాలర్ కూడా తగ్గలేదు. కమిషన్ 195 పోగా 1,105. నష్టం సుమారు 302.

మళ్ళీ చదవండి. ధర అసలు పడిపోని పాత రైఫిల్ మీదే ఎక్కువ డాలర్లు పోయాయి! శాతంలో చూస్తే కొత్తది 45 శాతం పోగొట్టింది, పాతది 21 శాతమే. కానీ జేబులోంచి పోయేది డాలర్లే. పాతది "విలువ నిలబెట్టుకుంది", ఆ విలువ మీద రావడానికొకసారి, పోవడానికొకసారి టోల్ కట్టాం.

అదే పాత రైఫిల్‌ను ఒక వ్యక్తి దగ్గర 1,300కి కొని, లైసెన్సున్న డీలర్ దగ్గర బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేయించుకుని ఓ 30 డాలర్లు ఇచ్చి, రెండేళ్ళ తర్వాత మరో వ్యక్తికి అదే పద్ధతిలో 1,300కి అమ్మితే నష్టం ఆ 30 డాలర్లే. టెక్సస్‌లో ఒకే రాష్ట్రం వాళ్ళ మధ్య డీలర్ తప్పనిసరి కాదు. కాలిఫోర్నియా, కొలరాడో, వాషింగ్టన్ లాంటి చోట్ల తప్పనిసరి. రాష్ట్రం దాటితే ఎక్కడైనా డీలర్ ద్వారానే జరగాలి. నేను మాత్రం టెక్సస్‌లో కూడా డీలర్ లేకుండా ఎవరికీ అమ్మను. నా చేతి నుంచి వెళ్ళిన రైఫిల్ ఎవరి చేతిలో పడిందో కాగితం మీద ఉండాలి. ముప్ఫై డాలర్లకు అది కాకపోతే ఇంకేం చేస్తాం.

ఇక పదేళ్ళు ఉంచుకుంటే? పాతదాని ధర ఏటా 2.5 శాతం చొప్పున, అంటే ద్రవ్యోల్బణంతో పాటు నడిస్తే 1,664 అవుతుంది. షాపు కమిషన్ పోయినా 1,414 చేతికొస్తుంది, అప్పుడు పెట్టిన 1,407 వెనక్కి వచ్చినట్టే. 500 పెట్టిన కొత్తది పదేళ్ళలో రెండు మూడు వందల రైఫిల్ అయిపోయి ఉంటుంది.

కొత్తది అంత పడిపోవడానికి ఇంకో కారణం ఉంది. 1937 నాటి పిట్‌మన్-రాబర్ట్‌సన్ చట్టం ప్రకారం తయారీదారు కొత్త రైఫిల్ మీద 11 శాతం ఎక్సైజ్ కడతాడు. ఆ డబ్బు వన్యప్రాణి సంరక్షణకు వెళ్తుంది, మంచి పనే. కానీ ఆ పన్ను, షాపు లాభం, సేల్స్ ట్యాక్స్ అన్నీ కలిసే మనం కట్టే ధర. రెండోసారి కొనేవాడు వాటిలో దేనికీ డబ్బివ్వడు.

## పాత పేరున్నవి: ప్రీ-64 మోడల్ 70

పాత రైఫిళ్ళ విలువ గురించి అమెరికాలో ఎవరు మాట్లాడినా ముందు వచ్చే పేరు వించెస్టర్ మోడల్ 70. 1936లో తయారీ మొదలైంది. బోల్ట్ (తూటాను బ్యారెల్‌లోకి తోసే కడ్డీ) పక్కన పొడవాటి ఉక్కు పంజా ఉంటుంది. తూటా మ్యాగజైన్ నుంచి పైకి రాగానే దాని అంచు పట్టుకుంటుంది, ఖాళీ తొడుగు బయటికి విసిరేదాకా వదలదు. 1964లో ఖర్చు తగ్గించుకోవడానికి ఆ పంజా తీసేశారు, చెక్క మీద కోసి చెక్కే గళ్ళకు బదులు అచ్చు నొక్కారు. వేటగాళ్ళకు కోపం వచ్చింది. అప్పటి నుంచి "ప్రీ-64" అన్న మాటే ఒక ధర అయిపోయింది. గుర్తుపట్టడం సులువు, సీరియల్ నంబర్ 7,00,000 కన్నా తక్కువ ఉండాలి.

1937 ప్రాంతంలో దీని ధర సుమారు 61 డాలర్లు. ఇవాళ్టి డబ్బులో అది దాదాపు 1,350. మామూలు .30-06లో, వాడినట్టు కనిపిస్తూ మార్పులు చేయని ప్రీ-64 ఇవాళ నాకు కనిపించే ధర 1,000 నుంచి 1,500 మధ్య. అంటే ఇంత పేరున్న రైఫిల్ కూడా పెట్టిన డబ్బును కాలంతో పాటు మోసుకొచ్చింది, అంతే. బంగారంలా పెరుగుతుందని ఎవరైనా చెప్తే ఈ లెక్క చూపించండి. అరుదైన తూటా రకాల్లో, పెట్టెలోంచి తీసినట్టున్న వాటికి ఎన్నో రెట్లు ఎక్కువ పలుకుతుంది. అది సేకరణ, వేట కాదు. దాన్ని ఎవరూ ముళ్ళపొదల్లోకి తీసుకెళ్ళరు.

ఇప్పుడు నా నాలుగు వందల డాలర్ల సంగతి. 1950ల నాటి .270 మోడల్ 70ను ఒక షాపులో స్కోప్‌తో (గురి చూసే దుర్భిణితో) సహా 1,250కి కొన్నాను. చెక్క పాతదే, బ్లూయింగ్ పాతదే, బ్యారెల్ లోపల అద్దంలా ఉంది. మూడేళ్ళ తర్వాత అమ్మాలనుకుని స్కోప్, దాని కింది బేస్ విప్పాను. గుడ్డతో పాత నూనె తుడుస్తుంటే రిసీవర్ (బోల్ట్ కదిలే ఉక్కు భాగం) వెనక వైపు ఒక చుక్క గుడ్డకు పట్టుకుంది. టార్చి వేసి చూస్తే, ఫ్యాక్టరీ వేసిన రెండు రంధ్రాల పక్కన మూడోది కనిపించింది. ఎవరో ఎప్పుడో వేరే స్కోప్ కోసం వేసి, తర్వాత చిన్న స్క్రూ బిగించి, పైన అరగదీసి రంగు పూశారు. వేలితో తడిమితే తెలియదు, గోరు పెట్టి లాగితే తెలుస్తుంది. బోల్ట్ బ్రహ్మాండంగా నడుస్తుంది, గురి తప్పదు. కానీ అంతకుముందు 1,250 ఇస్తానన్న మనిషి ఫోటో చూసి 850 అన్నాడు. నేనైనా అంతే అనేవాణ్ణి.

అందుకని పాత రైఫిల్ కొనేముందు స్కోప్ బేస్ విప్పి చూపించమని అడగండి. విప్పనంటే మర్యాదగా నమస్కారం చెప్పి వచ్చేయండి. 1960ల చివర, 70ల మొదట్లో బెల్జియంలో తయారైన బ్రౌనింగ్ రైఫిల్ అయితే స్టాక్ (భుజానికి ఆనించే చెక్క భాగం) చివరి ప్లేటు స్క్రూ కూడా తీసి చూడండి. అప్పట్లో కొన్నిటికి ఉప్పుతో ఎండబెట్టిన వాల్‌నట్ చెక్క వాడారు. ఆ ఉప్పు తేమను పీల్చి చెక్కకు తగిలిన లోహాన్నంతా లోపల్నుంచి తినేస్తుంది. స్క్రూ గోధుమరంగులో తుప్పుతో వస్తే ఇక బేరం అక్కర్లేదు.

## మధ్యకాలం రైఫిళ్ళు

1970 నుంచి 2000 మధ్య వచ్చిన రెమింగ్టన్ 700 బి.డి.ఎల్., రూగర్ 77, పంజా లేని మోడల్ 70 లాంటివి. వీటికి చరిత్ర పేరుతో అదనపు ధర లేదు. కొత్తదనం పోవడం వల్ల వచ్చే నష్టం మొదటి యజమాని ఎప్పుడో భరించేశాడు. 600 నుంచి 800కి దొరుకుతాయి, జాగ్రత్తగా వాడితే దాదాపు అంతకే పోతాయి. గీత పడితే గుండె ఆగదు. వానలో తడిపి తీసుకొచ్చి, తుడిచి నూనె రాసి పెట్టుకోవచ్చు. నా ఓటు వీటికే.

రెమింగ్టన్ 700 విషయంలో ఒక జాగ్రత్త. 1962 నుంచి లక్షల్లో అమ్ముడైన రైఫిల్ ఇది. పాత ట్రిగ్గర్ల మీద కోర్టు కేసులు, సెటిల్‌మెంట్ నడిచాయి. 2006 మే నుంచి 2014 ఏప్రిల్ మధ్య తయారైన కొత్తరకం ట్రిగ్గర్లను కంపెనీయే 2014లో రీకాల్ చేసింది. ఆ తర్వాత కంపెనీ 2018లో, మళ్ళీ 2020లో దివాలా తీసింది. కాబట్టి ట్రిగ్గర్ మార్చిన బిల్లు ఉంటే అది అడిగి తీసుకుని దాచండి. మామూలుగా మార్పు అంటే విలువ తగ్గుతుంది, ఇక్కడ మాత్రం ఆ బిల్లే కొనేవాడికి ధైర్యం.

## కొత్తది వచ్చి పాతదాన్ని పట్టుకున్న చోటు: మార్లిన్ 336

లీవర్ రైఫిల్ (ట్రిగ్గర్ కింది లీవర్ తిప్పి తూటా ఎక్కించేది) కావాలనుకునేవాళ్ళకు ఇది మంచి పాఠం. 1948లో వచ్చిన మార్లిన్ 336కు బ్యారెల్ మీద "జె.ఎమ్." అచ్చు ఉంటే, అది కనెటికట్‌లోని పాత ఫ్యాక్టరీలో తయారైందని గుర్తు. 2007 చివర్లో రెమింగ్టన్ సంస్థ మార్లిన్‌ను కొనేసింది, కొన్నేళ్ళకు ఆ ఫ్యాక్టరీ మూతపడింది. తర్వాత వచ్చిన వాటి నాణ్యత మీద ఎన్ని ఫిర్యాదులంటే, వాటికి "రెమ్లిన్" అని పేరే పెట్టేశారు. దాంతో జె.ఎమ్. అచ్చు ఉన్నవాటికి గిరాకీ పెరిగింది.

2020 దివాలా వేలంలో మార్లిన్ పేరు రూగర్ చేతికి వెళ్ళింది. 2021 చివర నుంచి కొత్త మార్లిన్‌లు రావడం మొదలై, 336 క్లాసిక్ 2023లో వచ్చింది. పనితనం బాగుంది, ధర 1,200 పైమాటే. ఇప్పుడు తమాషా చూడండి: మంచి జె.ఎమ్. 336 ఇంకా 600 నుంచి 900కి దొరుకుతోంది, అంటే పాతదే చవక. కొత్తది ఖరీదుగా ఉన్నంతకాలం పాతదానికి కింద నేల గట్టిగా ఉన్నట్టే. కానీ "పాతదే మంచిది, కొత్తవి చెత్త" అన్న ఒక్క కారణంతో పెరిగే ధర మాత్రం ఇక నిలవదు. కొత్తవి బాగున్నాయి కాబట్టి.

సావేజ్ 99ది దీనికి వ్యతిరేకం. లోపల తిరిగే మ్యాగజైన్, 1899 నాటి డిజైన్, తయారీ ఆగి పాతికేళ్ళు దాటింది. ఇవాళ దాన్ని కొత్తగా ఎవరూ చేయడం లేదు. బాగున్నది కనిపిస్తే విలువ విషయంలో భయపడకుండా తీసుకోండి, తూటాల సంగతి మాత్రం ముందే చూసుకోండి.

## కొత్తవి

రూగర్ అమెరికన్, సావేజ్ యాక్సిస్, మాస్‌బర్గ్ పేట్రియాట్ లాంటివి 400 నుంచి 600లో వస్తాయి. చాలా పాత రైఫిళ్ళ కంటే గురి బాగా నిలుస్తుంది, అది ఒప్పుకోవాలి. ప్లాస్టిక్ స్టాక్ వానకు ఉబ్బదు. షోరూం గేటు దాటిన కారులాగే ధర పడిపోతుంది, కానీ పడేది 500లోంచే.

800 నుంచి 1,500 దాకా పెట్టే టిక్కా, బ్రౌనింగ్ ఎక్స్-బోల్ట్ లాంటివి శాతంలో కాస్త నయం, డాలర్లలో ఎక్కువ నష్టం. రీసేల్ గురించి ఆలోచించేవాళ్ళు వీటిని కొత్తగా కాకుండా ఒక సీజన్ వాడినవి కొనుక్కోవడం మేలు.

కొత్తవాటికి ఒక బలం పెరుగుతోంది. సైలెన్సర్ మీద 1934 నుంచి ఉన్న 200 డాలర్ల ఫెడరల్ పన్ను 2026 జనవరి 1 నుంచి సున్నా అయింది. రిజిస్ట్రేషన్ మాత్రం అలాగే ఉంది. దాంతో సైలెన్సర్ బిగించడానికి చివర మర ఉన్న బ్యారెల్ కావాలని అడిగేవాళ్ళు ఎక్కువవుతున్నారు. కొత్తవాటిలో చాలావాటికి అది ఫ్యాక్టరీలోనే వస్తుంది. పాత ప్రీ-64 బ్యారెల్‌కు మర కోయించారో, దాని విలువను చేతులారా కోసినట్టే.

| రకం | ఇప్పుడు సుమారు ధర (డాలర్లు) | రెండేళ్ళలో అమ్మితే | పదేళ్ళు ఉంచితే | ముఖ్యమైన భయం |
|---|---|---|---|---|
| ప్రీ-64 మోడల్ 70, మామూలు తూటా | 1,000–1,500 | ధర నిలుస్తుంది, కమిషన్ పోతుంది | ద్రవ్యోల్బణంతో నడవొచ్చు | దాచిన రంధ్రాలు, మళ్ళీ చేసిన పాలిష్ |
| 1970–2000 వాడిన రైఫిళ్ళు | 600–800 | తక్కువ నష్టం | దాదాపు అదే ధర | ట్రిగ్గర్, బ్యారెల్ అరుగుదల |
| జె.ఎమ్. మార్లిన్ 336 | 600–900 | తక్కువ నష్టం | నిలుస్తుంది | కొత్తవాటి పోటీ |
| కొత్త చవక రైఫిల్ | 400–600 | ధరలో మూడో వంతు దాకా పోతుంది | దాదాపు సగానికి | కొనేవాడు దొరకకపోవడం |
| కొత్త ఖరీదైనది | 800–1,500 | డాలర్లలో పెద్ద నష్టం | మోడల్ మీద ఆధారం | కొత్త మోడల్ రావడం |

ఈ పట్టికలో లేనివి స్మారక రైఫిళ్ళు. బఫెలో బిల్ పేరుతో, జాన్ వేన్ పేరుతో వించెస్టర్ 94లు 1960ల నుంచి వేలల్లో వచ్చాయి. అందరూ ధర పెరుగుతుందని పెట్టెలోనే దాచారు, అందుకే పెరగలేదు. కాల్చితే విలువ పోతుంది, కాల్చకపోతే వేట లేదు. వాటి జోలికి వెళ్ళకండి.

## మీ సంగతి ఏది?

వేట నచ్చుతుందో లేదో ఇంకా తెలియదు, ఏడాదికి ఒకసారి స్నేహితుడి పొలానికి వెళ్తారు అంటే కొత్త చవకదే తీసుకోండి, ఒక సీజన్ వాడింది దొరికితే ఇంకా మంచిది. పోయేది మహా అయితే రెండున్నర వందలు. దాన్ని అద్దె అనుకోండి, టెన్షన్ ఉండదు.

ఏటా వెళ్తారు, ఇంకో పదేళ్ళు ఇక్కడే ఉంటారు అంటే మధ్యకాలం రైఫిల్. ఇండియాకు తిరిగి వెళ్ళే ఆలోచన ఉన్నవాళ్ళకు కూడా ఇదే చెప్తాను. అది మీతో రాదు, ఒక నెలలో అమ్మాల్సి రావచ్చు. తొందరలో అమ్మేవాడికి .30-06, .308లో మామూలు రైఫిలే దిక్కు. ప్రీ-64కు సరైన కొనుగోలుదారుడు దొరకడానికి ఓపిక కావాలి.

పాత పనితనం మీద నిజంగా ఇష్టం ఉంటే ప్రీ-64 తీసుకోండి. ఇవాళ కొత్తగా వచ్చే మోడల్ 70కి కూడా ఆ పంజా మళ్ళీ ఉంది, పని విషయంలో తేడా తక్కువ. మీరు డబ్బు పెట్టేది ఆ చెక్క మీద గళ్ళు చెక్కిన చేతికి. అది మీకు విలువైనదైతే అమ్మే ధర గురించి ఇంత ఆలోచించక్కర్లేదు.

## అమ్మే రోజు

షాపుకు ఏకమొత్తంగా అమ్మితే సాధారణంగా వాళ్ళు అమ్ముకునే ధరలో 50 నుంచి 60 శాతం ఇస్తారు. ఆన్‌లైన్ వేలాల్లో అడుగుతున్న ధరలు కాదు, అమ్ముడైన ధరలు చూసి మీ ధర నిర్ణయించుకోండి. స్కోప్ విడిగా అమ్మండి, రైఫిల్‌తో కలిపితే దాని డబ్బు ఎవరూ ఇవ్వరు. అసలు పెట్టె, కాగితాలు, బిల్లులు ఉంటే ముందే చూపించండి.

టెక్సస్‌లో జింకల జనరల్ సీజన్ నవంబర్ మొదటి శనివారం మొదలవుతుంది. ఆగస్టు నుంచి అక్టోబర్ దాకా అమ్మేవాడిది పైచేయి, సీజన్ అయిపోయాక ఫిబ్రవరిలో కొనేవాడిది. మా తమ్ముడి స్నేహితుడికి అదే చెప్పాను: ఈ సీజన్‌కు నా రెండో రైఫిల్ పట్టుకెళ్ళు, ఫిబ్రవరిలో ఇద్దరం కలిసి వెళ్దాం, స్క్రూడ్రైవర్, టార్చి నేను తెస్తాను.